వృత్తికి సగటు ఎంత?

ప్రశ్న: ఊరి సర్వేలో వృత్తి (1 రైతు, 2 కూలీ, 3 వ్యాపారి), చదువు, నెల ఆదాయం నమోదు చేశాం. ఎక్సెల్‌లో సగటు తీస్తే వృత్తికి 1.7 వచ్చింది. రిపోర్టులో ఎలా రాయాలి?

జవాబు: రాయకండి. ఆ అంకెలు పేర్లకు బదులు పెట్టుకున్న గుర్తులే. వృత్తికి బాహుళకం, అంటే ఎక్కువమంది చెప్పింది, చాలు. చదువులో వరుస ఉంది కానీ మెట్ల ఎత్తు సమానం కాదు, మధ్యగతం, అంటే వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది, తీయండి.

చిక్కంతా ఆదాయంతోనే. ఏడిళ్ల ఆదాయం వేలల్లో 12, 14, 15, 15, 18, 20, 186 అనుకోండి. సగటు 40 వేలు. ఆరిళ్లకు అందులో సగం కూడా దాటదు! నాలుగో విలువైన 15 వేలే మధ్యగతం. ఇక్కడ అదే నమ్మదగింది. ఇలాంటి పెద్ద అంకె లేకపోతే సగటే మేలు.

అన్నట్టు, ‘చెప్పలేదు’కు 99 వేసి ఉంటే ముందు ఆ గడులు ఖాళీ చేయండి. ఎక్సెల్ వాటినీ కూడేస్తుంది.