లస్కర్ పోస్టు తీసేశాక మా కాలువకు ఏమైంది

"ప్రభుత్వ శాఖల్లో పెద్దగా పనిలేని చిన్న పోస్టులు తీసేసి, మెయింటెనెన్స్ ఖర్చు తగ్గించుకుంటే జనానికి వచ్చే నష్టం ఏంటి?" అని అడిగారు. నాకు తెలిసింది ఒక కాలువ కథ. అదే చెప్తాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక కాలువ చివరనున్న ఊరు. మా పెదనాన్న ఆ కాలువ మీద లస్కర్‌గా చేశారు. షట్టర్లు ఎత్తడం, దించడం, ఏ మదుముకు (పొలాలకు నీళ్లు వదిలే తూముకు) ఎన్ని నీళ్లు పోతున్నాయో చూడటం, గట్టు కాచుకోవడం ఆయన పని. బయటివాళ్లకు మాత్రం కత్తీ గొడుగూ పట్టుకుని గట్టు మీద ఊరికే తిరుగుతున్నట్టు కనిపించేవారు. సెలవుల్లో నేనూ వెంట నడిచేవాణ్ని. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, "ఇక్కడ పీత కన్నం పడిందిరా, రేపు బంకమట్టి తేవాలి" అనేవారు. మర్నాడు తెచ్చి కూరేవారు. వేసవిలో షట్టర్ల మరలకు గ్రీజు పట్టించేవారు. ఉభాలప్పుడైతే, అంటే వరి నాట్ల రోజుల్లో, ఇంట్లో పడుకున్న రాత్రులే తక్కువ. పై ఊరివాళ్లు దొంగచాటుగా షట్టర్ ఎత్తేస్తే కింద మాలాంటి శివారు భూములకు చుక్క రాదు కదా.

2010లో ఆయన రిటైర్ అయ్యారు. ఆ పోస్టు మళ్లీ నింపలేదు. ఇంకో ఇద్దరు కూడా దిగిపోయాక, ముగ్గురు చూసుకున్న దూరం మొత్తం ఒక్క ఔట్‌సోర్సింగ్ కుర్రాడి మీద పడింది. అతనికి జీతమే రెండు మూడు నెలలకోసారి వచ్చేది. అతన్ని నేను తప్పు పట్టను.

మొదటి రెండేళ్లు ఏమీ కాలేదు. ఈ రెండేళ్లే అందర్నీ మోసం చేస్తాయి. పైన కూర్చున్నవాళ్లకు మనిషి లేకపోయినా నీళ్లు వస్తున్నట్టే కనిపించింది. అంటే ఆ మనిషి అక్కర్లేదనే లెక్క. మూడో ఏడు నుంచి గట్టు మీద తుప్పలు పెరిగాయి, కాలువలో గుర్రపుడెక్క అల్లుకుంది. షట్టర్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. తిరగనివాటిని రైతులే గునపాలతో పీకేసి, రాళ్లూ ఇసుక బస్తాలూ అడ్డం పెట్టుకున్నారు. ఇక ఏ ఊరికి ఎన్ని నీళ్లు అనే లెక్కే లేదు. ఉభాల రోజుల్లో పక్క ఊళ్లవాళ్లు కొట్టుకుని స్టేషన్ దాకా వెళ్లారు. వాళ్లలో వియ్యంకులు కూడా ఉన్నారు.

ఆరో ఏట, సెప్టెంబరు వానల్లో ఒక రాత్రి గట్టుకు గండి పడింది. పెదనాన్న ఏటా మట్టి కూరే చోటే. పొద్దున్నకి పొట్ట మీదున్న సన్నాల చేలల్లో మోకాలి లోతు ఇసుక మేట వేసింది. అది ఎత్తించడానికి మా ఇంట్లో అమ్మ చెవి దిద్దులు తాకట్టు పెట్టాం. గట్టు మీద నిలబడి పెదనాన్న ఏడవడం నేను చూశాను. "ఈ చోటు బలహీనం అని ఎవరికైనా చెప్పి దిగాల్సింది" అన్నారు. చెప్పడానికి ఆయన స్థానంలో మనిషిని పెడితే కదా!

నాకు బాధ అక్కడే. డబ్బు రేపు మళ్లీ ఇవ్వొచ్చు. ముప్పై ఏళ్లు ఒకే గట్టు మీద నడిచినవాడికి తెలిసిన సంగతులు ఏ ఫైల్లోనూ ఉండవు. ఒక తరం లస్కర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు వెళ్లిపోయాక కొత్తవాళ్లను తీసుకున్నా, వాళ్లకు నేర్పేవాళ్లే ఉండరు.

పెద్ద ప్రాజెక్టుల్లో జరిగినవి గుర్తు తెచ్చుకోండి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. అంత వరదలో ఒక గేటు పనిచేయలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, అక్కడ అడ్డు పెట్టడానికి నిండిన డ్యామ్‌లోంచి నీళ్లు వదలాల్సి వచ్చింది. వీటన్నిటికీ ఖర్చు కోతే కారణం అని నేను అనను. కానీ గేటు, గొలుసు, గ్రీజు వాయిదా వేయదగ్గ ఖర్చులు కావని అవి చూశాక కూడా మనకు అర్థం కాకపోతే ఎలా?

వృథా ఖర్చు తగ్గించాల్సిందే. నీళ్లు వదలడానికి వారం ముందు జేసీబీతో పైపైన గీకి, పూడిక తీశామని బిల్లు పెట్టే పనులు మా దగ్గరా చూశాను. కోత వాటి మీద పడలేదు, లస్కర్ జీతం మీద పడింది. మిగిలిందల్లా ఆ జీతమే. పోయినదాంట్లో చాలాభాగం ఏ ప్రభుత్వ లెక్కలోనూ లేదు, మా ఇళ్లలో ఉంది. ఏటా నీళ్లు తోడుకోవడానికి ఇంజిన్ అద్దె, డీజిల్. నీళ్ల మీద నమ్మకం పోయి కొందరు వరి మానేసి సరుగుడు, నీలగిరి వేశారు. వాటికి కూలీల పని తక్కువ, దాంతో కుర్రాళ్లు చెన్నైకీ హైదరాబాద్‌కీ పోయారు. ఇప్పుడు అదే కాలువ బాగుచేయాలంటే కోట్లలో ఎస్టిమేట్ వేస్తున్నారు.

మీ ఊరి కాలువ పరిస్థితి తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మేము మూడే అడిగాం: మంజూరైన లస్కర్ పోస్టులు ఎన్ని, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది, గత ఐదేళ్లలో షట్టర్ల రిపేరుకు పెట్టిన ఖర్చు ఎంత. వచ్చిన కాగితం జిరాక్సులు తీసి రామకోవెల దగ్గర అందరికీ పంచాం. ఈ ఏడు ఉభాలకు ముందు మా ఊరి మదుము షట్టర్ ఒకటి మార్చారు. మిగతావాటి కోసం తిరుగుతున్నాం.