మానిటర్ ఎత్తు పెంచితే మెడకు మంచిదేనా?

ప్రశ్న: నాన్నగారికి 61 ఏళ్లు. ఎరువుల దుకాణంలో రోజంతా కంప్యూటర్‌లో బిల్లులు కొడతారు. మెడ ఎంఆర్‌ఐలో సీ5-సీ6 దగ్గర (మెడలో ఐదు, ఆరో పూసల మధ్య) వెన్నుపాము నాళం సన్నబడిందని వచ్చింది. తల దించకుండా ఉంటారని మానిటర్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టాను. చేతుల తిమ్మిరి ఇంకా పెరిగిందంటున్నారు. మెడ వంపును కనిపెట్టే యాప్ ఏదైనా ఉందా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: యాప్ సంగతి తర్వాత, ముందు ఆ పుస్తకాలు తీసేయండి. ఈ వయసులో బైఫోకలో ప్రోగ్రెసివో కళ్లజోడు వాడుతూనే ఉంటారు. వాటిలో దగ్గరి చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది. తెర ఎత్తయ్యేకొద్దీ గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి చూడాల్సిందే. నాళం సన్నబడినవారికి పడనిది సరిగ్గా ఆ భంగిమే.

ఫోన్లు వచ్చాక తల దించడాన్నే అందరం తిట్టిపోస్తున్నాం. మెడలో వెన్నుపాము సాగే ఈ నాళం ముందు నుంచి వెనక్కి మామూలుగా 17 మి.మీ. దాకా ఉంటుంది. 13 లోపైతే ఇరుకు, 10 లోపైతే మరీ ఇరుకు. తల వెనక్కి వంచగానే వెనకవైపు లిగమెంటు (పూసలను కలిపి ఉంచే పట్టీ) మడతపడి లోపలికి తోసుకొస్తుంది. ముందు నుంచి డిస్కు (పూసల మధ్య మెత్త) మరికాస్త ఉబ్బుతుంది. పైగా వెన్నుపాము కూడా పొట్టిగా, లావుగా మారుతుంది. నాళం విశాలంగా ఉంటే ఇదేమీ తెలియదు, ఇరుకైనచోట ఒక్క మిల్లీమీటరైనా లెక్కే. ముందుకు వంచితే నాళం కాస్త వెడల్పవుతుంది. అలాగని గంటలకొద్దీ తల వేలాడేయమనడం లేదు. అప్పుడు వెన్నుపాము సాగి, ముందున్న ఎముక మొనలకు ఒత్తుకుంటుంది. కొందరికి వీపు వెంట కరెంటు షాక్ కొట్టినట్టుంటుంది.

తెర పైఅంచు కంటిమట్టానికి కాస్త దిగువనే ఉండాలి, తెరను కొద్దిగా వెనక్కి వాల్చండి. అక్షరాలు చిన్నవైతే గడ్డం ముందుకు చాస్తారు కాబట్టి విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి స్కేల్‌ను 125 లేదా 150 శాతం చేయండి. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బటన్లు తెర బయటికి పోతే (పోతాయి కూడా) స్కేల్ ఒక మెట్టు దించి చూడండి. కంప్యూటర్ దూరానికే విడిగా ఒక కళ్లజోడు చేయిస్తే ఇంకా మేలు. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి బిల్లు కొట్టే అలవాటుంటే మాన్పించండి. మెడ వాలినవైపు నరం బయటికొచ్చే రంధ్రం ఇరుకవుతుంది.

యాప్‌లంటారా, చాలావరకు ఫోన్ ఎంత వాలిందో చూసి మెడ వంపును ఊహిస్తాయి. డెస్క్‌టాప్ ముందు తల వెనక్కి వాల్చినవారిని అవి పట్టుకోలేవు. డబ్బు పెట్టకండి.

తిమ్మిరి పెరిగిందన్నారు, అది మాత్రం సెట్టింగ్స్‌తో తేలే పని కాదు. వెంటనే న్యూరోసర్జన్‌కో వెన్నెముక నిపుణుడికో చూపించండి. గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, కీబోర్డుపై తప్పులు ఎక్కువైనా, నడకలో తూలినా, మూత్రం మీద అదుపు తగ్గినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ప్రశ్న: మెడ ఎంఆర్‌ఐ సీడీ ఇచ్చారు. కాపీ చేసుకుంటే ఫైళ్లు తెరుచుకోవడం లేదు.
- ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: అవి డైకామ్ అనే స్కాన్ చిత్రాల ఫైళ్లు, మామూలు ఫొటో వ్యూయర్‌లో కనబడవు. విండోస్‌లో మైక్రోడైకామ్, మ్యాక్‌లో హోరోస్ అనే వ్యూయర్ వేసుకుని ఫోల్డర్ మొత్తం తెరవండి. మెడ స్కాన్ సాధారణంగా వెల్లకిలా, తల నిటారుగా ఉంచి తీస్తారు. వెనక్కి వంచితే నాళం ఎంత ఇరుకవుతుందో అందులో కనిపించకపోవచ్చు. తల ఎటు తిప్పితే తిమ్మిరి వస్తోందో డాక్టర్‌కు మీరే చెప్పాలి.