గుండె జబ్బులపై పరిశోధనకు ఎంబీబీఎస్ తప్పనిసరా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పూర్తి చేసింది. రెండుసార్లు నీట్ రాసినా ప్రభుత్వ కళాశాలలో సీటు రాలేదు. మా నాన్నగారు యాభై రెండేళ్లకే గుండెపోటుతో పోయారు. నేనూ కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్నాను. అందుకేనేమో, గుండె జబ్బులు ఎందుకు వస్తాయో పరిశోధిస్తానని పట్టుబట్టింది. మూడోసారి కోచింగ్‌కు వెళ్లనంటోంది. డాక్టరు కాకుండా అది సాధ్యమా? అందులో బతుకుతెరువు ఉందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సాధ్యమే. మీరు వేసుకునే మాత్ర స్టాటిన్ అయితే, ఆ కోవకు చెందిన మొదటి పదార్థాన్ని 1970లలో జపాన్‌లో కనిపెట్టిన అకిరా ఎండో వైద్యుడు కాదు. వ్యవసాయ విద్య చదివి, ఒక మందుల కంపెనీలో వేల రకాల బూజులను పరీక్షించిన జీవరసాయన శాస్త్రవేత్త.

అయితే ముందు మీ అమ్మాయిని ఒక మాట అడగండి: ఆమెకు కావలసింది జబ్బు కారణమా, రోగి ఎదుట కూర్చోవడమా? రోగికి కొత్త మందు ఇచ్చి ఫలితం చూడడం, స్టెంట్ అమర్చడం వంటివి వైద్యుల బాధ్యతే. మనసు అటు ఉంటే నేను చెప్పబోయే దారి ఆమెకు వెలితిగానే ఉంటుంది. ‘ఎందుకు వస్తాయి’ అన్నదే ఆమె ప్రశ్న అయితే నిశ్చింతగా చదవనివ్వండి.

ఆ ప్రశ్న మీద పని హైదరాబాద్‌లోనే జరుగుతోంది. గుండె కండరంలోని ఒక ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలంత ముక్క లోపించడం వల్ల నడివయసు దాటాక గుండె బలహీనపడే ముప్పు పెరుగుతుందని 2009లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు, ఇతర సంస్థల వారితో కలిసి ప్రకటించారు. భారత ఉపఖండంలో సుమారు నూటికి నలుగురిలో ఈ లోపం ఉంది. ఆ పనిలో ముఖ్యపాత్ర వహించిన కుమారస్వామి తంగరాజ్ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దారిలో వచ్చినవారు. రోగుల నమూనాలు ఆసుపత్రుల నుంచి రావాలి కాబట్టి వైద్యుల తోడు లేకుండా ఇలాంటి పని సాగదు.

నాకు ఇంకా నచ్చిన ఉదాహరణ ప్రయోగశాల బయటిది. 1987–90 ప్రాంతంలో హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలను తీసుకుని, వాటిలో కొన్నింట గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందించారు. మిగతా ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. పదిహేనేళ్ల తరువాత జాతీయ పోషకాహార సంస్థ, బ్రిటన్ పరిశోధకులు కలిసి ఆ పిల్లలను మళ్లీ వెతికారు. 13–18 ఏళ్ల వయసులో ఉన్న 1,165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లల్లో రక్తనాళాల బిరుసు, ఇన్సులిన్ నిరోధకత (శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడం) కాస్త తక్కువగా కనిపించాయి. గుండె జబ్బు లెక్కలు పుట్టుకకు ముందే మొదలవుతాయన్న వాదనకు ఇది మన ఊళ్ల నుంచి దొరికిన ఆధారం. ఇలాంటి అధ్యయనంలో రక్త నమూనా సేకరణ ఎంత ముఖ్యమో, ‘అమ్మా, అప్పట్లో మీరు ఏం తినేవారు?’ అని అడిగి నిజమైన జవాబు రాబట్టడం అంతే ముఖ్యం. ఖమ్మం అమ్మాయికి ఆ విద్య ఎవరూ నేర్పనక్కర లేదు. గణాంకశాస్త్రం మాత్రం నేర్చుకోవాలి. బైపీసీ వాళ్లు లెక్కలను వదిలేస్తారు, తరువాత చింతిస్తారు.

దారి విషయానికి వద్దాం. తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) వంటి చోట్ల డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో గణితం ప్రశ్నలూ ఉంటాయి, ఇంటర్ పూర్తయిన సంవత్సరంపై నిబంధన కూడా ఉంటుంది, కాబట్టి ఈ ఏటి ప్రకటన చూసుకోండి. కుదరకపోతే దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా మంచి ప్రయోగశాల ఉన్న కళాశాలలో బయోకెమిస్ట్రీ లేదా బయోటెక్నాలజీతో బీఎస్సీ చాలు. డిగ్రీలో ఉండగానే దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో గడిపితే, ఆ పని తనకు సరిపడుతుందో లేదో తనకే తెలిసిపోతుంది. ఆపైన ఎమ్మెస్సీ, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, పీహెచ్‌డీ. ఊళ్లలో చేసే అధ్యయనాలు ఆకట్టుకుంటే ఎమ్మెస్సీ బదులు ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయవచ్చు.

ఇక డబ్బు. ఆ నెట్ పరీక్ష ద్వారా ఇచ్చే పరిశోధన భృతి, జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, పైగా ఇంటి అద్దె భత్యం (2023లో సవరించిన మొత్తాలివి). అంటే పీహెచ్‌డీకి మీరు అప్పు చేయనక్కర లేదు. కానీ పీహెచ్‌డీ చేతికి వచ్చేసరికి ఆమెకు దాదాపు ముప్ఫై ఏళ్లు వస్తాయి. శాశ్వత ఉద్యోగానికి ఇంకా కొన్నేళ్లు పట్టవచ్చు, ఆ పోస్టులు కూడా తక్కువే. పెళ్లి సంబంధాల వాళ్లు ‘ఇంకా చదువేనా?’ అంటారు. ఆ ఒత్తిడి ఆమె మీద పడకుండా మీరే అడ్డు నిలవాలి. అందరూ శాస్త్రవేత్తలే కావాలనీ లేదు. హైదరాబాద్‌లో మందుల కంపెనీలు, క్లినికల్ ట్రయల్స్ నిర్వహించే సంస్థలు ఎమ్మెస్సీ, ఫార్మసీ చదివినవారిని తీసుకుంటాయి.

మూడోసారి నీట్ మాట వదిలేయండి. ఇష్టం లేని కోచింగ్‌లో ఏడాది పోతే తిరిగి రాదు. మరొకటి: ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా, ఉద్యోగం గ్యారంటీ అంటూ లక్షలు అడిగే ప్రకటనలు మీకు కనిపిస్తాయి. డిగ్రీ చేతికి రాకముందు వాటికి రూపాయి కూడా కట్టకండి.