చెక్కు నోటీసు అందుకున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్విచ్చిన చెక్కు చెల్లక బ్యాంకు నుంచి వెనక్కి వచ్చిందని, సరుకు ఇచ్చిన వ్యాపారి పంపిన నోటీసు సంగతి మీ అమ్మ ఫోనులో చెప్పింది. జైలుకు పోతానేమోనన్న బెంగతో అన్నం కూడా సరిగా తినడం లేదట. బెంగ పక్కన పెట్టి, ఆ కవరు మీద నీకు అందిన తేదీ రాసి ఉంచు. అప్పటి నుంచి పదిహేను రోజుల గడువు నీది. ఆలోగా చెక్కు డబ్బు కట్టేస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరమే ఏర్పడదు. కట్టకపోతే, ఆపైన నెలలోగా ఆ వ్యాపారి మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేస్తాడు. పోలీసులను పంపిస్తామన్నది ఉత్త బెదిరింపు. ఈ కేసు స్టేషన్‌లో మొదలవదు, పైగా బెయిలు దొరికే నేరం. సమన్లు అందాక వాయిదాలు ఎగ్గొడితే మాత్రం వారెంటు పుడుతుంది.

నోటీసు తీసుకోకుండా తిప్పి పంపాల్సిందని మీ మామయ్య అన్నాడట. ప్లీడరు గుమస్తాగా ఉన్న రోజుల్లో ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని పోస్టుమ్యాన్ రాసిన కవర్లు కట్టలుగా చూశాను. చిరునామా సరైనదైతే ఆ రాతే నోటీసు అందినట్టు సాక్ష్యం. మామయ్య సలహాలు పెళ్లి సంబంధాల దాకా ఉంచుకో.

నీ వ్యవహారంలో కీలకమంతా ఆ లక్షలో ఉంది. సరుకు తెచ్చుకున్న రోజే హామీగా మూడు లక్షలకు చెక్కు ఇచ్చావు. తరువాత ఫోను నుంచి లక్ష పంపావు. అతను ఆ జమ చెక్కు మీద రాయకుండా మూడు లక్షలకూ బ్యాంకులో వేశాడు. ఇలా కొంత చెల్లించాక పూర్తి మొత్తానికి వేసిన చెక్కు వెనక్కి వస్తే 138 వర్తించదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి జవాబు నోటీసులో లక్ష పంపిన తేదీ, లావాదేవీ నంబరు రాయించు. ఆ లక్ష పాత బాకీకి జమ చేసుకున్నానని అతను అనగలడు. అందుకే డబ్బు పంపిన రోజు మీ మధ్య నడిచిన మెసేజీలు చెరిపేయకు.

మిగతా వాదనల మీద నాకంత నమ్మకం లేదు. సంతకం నీదని ఒప్పుకున్నాక బాకీ ఉందనే కోర్టు భావిస్తుంది. లేదని చూపించే భారం నీ మీద పడుతుంది. ఖాళీ చెక్కు మీద అంకె అతనే వేసుకున్నాడన్నా, ఖాతాలో డబ్బు పడుతుందనుకున్నానన్నా పెద్దగా లాభం ఉండదు.

శిక్ష సంగతి అడిగావట. చట్టంలో గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. కోర్టులు ఎక్కువగా చూసేది ఫిర్యాదుదారుకు డబ్బు చేరడం గురించి. జరిమానాలోంచే అతనికి పరిహారం ఇప్పిస్తాయి. కట్టకపోతే మళ్లీ జైలు, అది అనుభవించినా పరిహారం బాకీ తీరిపోదు. విచారణ నడుస్తుండగానే చెక్కు మొత్తంలో ఇరవై శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమనే అధికారం కూడా 2018 నుంచి మేజిస్ట్రేటుకు ఉంది.

అందుకే నా మాట విను. సుప్రీంకోర్టు తీర్పు నీ పక్షాన ఉన్నా రెండు లక్షలు నువ్వు ఇవ్వాల్సినవే. గడువులోపే బ్యాంకు ద్వారా కట్టు, చేతికి నగదు ఇవ్వకు. ఒకేసారి కుదరకపోతే వాయిదాల ఒప్పందం కాగితం మీద రాయించు, అతని సంతకం తీసుకో. ఈ నేరం ఏ దశలోనైనా రాజీ చేసుకోదగినదే, కాని ఆలస్యం చేసిన కొద్దీ ఖర్చులు నీ నెత్తిన పడతాయి. డబ్బు చేరగానే అసలు చెక్కు, అది చెల్లలేదని బ్యాంకు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకో. అతని దగ్గర ఉన్న మిగతా ఖాళీ చెక్కులు కూడా అడుగు, నంబర్లు సరిచూసుకుని మరీ.