డబ్బా మీది పేరును కాదు, లోపలి చిప్‌ను చూసి ఫర్మ్‌వేర్ మార్చండి

పర్లాకిమిడిలో కొన్న చౌక వైఫై రౌటర్‌కు, అదే మోడల్ నంబరుతో నెట్‌లో దొరికిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, స్థానంలో వేసుకునే ఉచిత ప్రత్యామ్నాయం) ఫైలును ఎక్కించవచ్చునా అని మీరు అడిగారు. నంబరు కలిసిందన్న ఒక్క ధైర్యంతో ఎక్కించవద్దు. రాయగడలో మా చుట్టుపక్కల ఇళ్లకూ, ఒక ట్యూషన్ సెంటరుకూ ఇటువంటి రౌటర్లను విప్పి సరిచేసి ఇస్తూ ఉంటాను కనుక, ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ఈ రకం రౌటర్లను అమ్మే వ్యాపారులలో చాలామంది వాటిని స్వయంగా తయారు చేయరు. ఒక కర్మాగారం చేసిన బోర్డు నాలుగు పేర్లతో బజారుకు వస్తుంది. ఒకే పేరు, ఒకే నంబరు ఉన్న డబ్బాలో కొంతకాలానికి వేరే బోర్డు వచ్చి కూర్చుంటుంది. ట్యూషన్ సెంటరు వారు విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న రెండు రౌటర్లకు బయట స్టిక్కరుతో సహా ఏ తేడా లేదు. విప్పి చూస్తే ఒకదానిలో మీడియాటెక్ ఎంటీ7628 చిప్ ఉంది, రెండవదానిలో పాత తరం రియల్‌టెక్ చిప్ ఉంది. మొదటి చిప్‌కు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మంచి మద్దతు ఉంది, రెండవదానికి లేదు. స్టిక్కరును నమ్మి ఒకే ఫైలును రెండింటికీ ఎక్కిస్తే రెండవది లేవదు.

అందువల్ల ముందు డబ్బా విప్పండి. వారంటీ పోతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. మరలు సాధారణంగా అడుగున ఉన్న రబ్బరు బిళ్లల కింద దాగి ఉంటాయి. చిప్ మీది అక్షరాలు నేరుగా చూస్తే కనిపించవు. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుని ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫోటో తీస్తే స్పష్టంగా చదవవచ్చు. ప్రధాన చిప్‌తో పాటు ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్ (ఫర్మ్‌వేర్ నిలవ ఉండేది) పేరు కూడా రాసుకోండి. దాని మీద 25క్యూ64 అని ఉంటే అది 64 మెగాబిట్లు, అంటే 8 మెగాబైట్లు. 25క్యూ32 అయితే 4 మెగాబైట్లే. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ ఉన్న పరికరాలకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 వెర్షన్ తరువాత అధికారిక మద్దతు ఆగిపోయింది. మీది అటువంటిదైతే దాని మీద శ్రమ పెట్టడం కంటే, మద్దతు ఉన్న పాత రౌటర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ఎంటీ7628 వంటి చిప్ ఉంటే, బోర్డు అంచున వరుసగా ఉండే మూడు నాలుగు రంధ్రాల కోసం చూడండి. అది సీరియల్ పోర్టు. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు తీసుకుని గ్రౌండును గ్రౌండుకు, టీఎక్స్‌ను (పంపేది) ఆర్ఎక్స్‌కు (అందుకునేది), ఆర్ఎక్స్‌ను టీఎక్స్‌కు కలపండి. కరెంటు వచ్చే రంధ్రం ఉంటే దాన్ని వదిలేయండి. కంప్యూటరులో సీరియల్ వేగం 57600 గానీ 115200 గానీ పెడితే అక్షరాలు సరిగా కనిపిస్తాయి. ఈ బోర్డులలో ఎక్కువగా ఉండే బూట్‌లోడరు (ఫర్మ్‌వేర్‌ను లేపే చిన్న ప్రోగ్రాము) ఆన్ చేయగానే ఒక మెనూ చూపిస్తుంది: 1 నొక్కితే ఫైలు టీఎఫ్‌టీపీ (లాన్ తీగ మీదుగా ఫైలు పంపే పద్ధతి) ద్వారా ర్యామ్‌లోకి మాత్రమే వస్తుంది, 2 నొక్కితే ఫ్లాష్‌లో రాస్తుంది, 9 నొక్కితే బూట్‌లోడరునే మార్చేస్తుంది. మీకు కావలసింది 1. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (ర్యామ్‌లోనే నడిచే) రకం ఫైలును అలా నడిపిస్తే, ఫ్లాష్‌లో ఒక్క అక్షరం కూడా మారకుండానే వైఫై, లాన్ పోర్టులు, లైట్లు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించుకోవచ్చు. నచ్చకపోతే ఆపి ఆన్ చేస్తే పాతదే మళ్లీ వస్తుంది.

ఆ స్థితిలోనే ఫ్లాష్ మొత్తాన్ని చదివి కంప్యూటరులో దాచండి. ఈ మెట్టును ఎవరూ దాటవేయకూడదని గట్టిగా చెబుతాను. ఫ్లాష్‌లో ఫ్యాక్టరీ అనే చిన్న విభాగం ఉంటుంది. మీ రౌటర్ మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య), దాని రేడియోకు కర్మాగారంలో కొలిచి పెట్టిన సర్దుబాటు విలువలు అందులోనే ఉంటాయి. అది చెరిగిపోతే వైఫై బలహీనపడుతుంది లేదా అసలు రాదు, వేరొకరి రౌటర్ నుంచి తెచ్చుకున్న ఫైలు దానికి సరిగా సరిపోదు. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ల షా256 విలువలు (ఫైలుకు వేలిముద్ర వంటివి) ఒకటేనని చూసుకున్నాకే సిస్అప్‌గ్రేడ్ (ఫ్లాష్‌లో శాశ్వతంగా రాసే) ఫైలును ఎక్కించండి.

వానాకాలంలో మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము కనుక, రాసే ఆ కొద్ది నిమిషాలు రౌటర్‌నూ కంప్యూటరునూ ఇన్వర్టరు మీద ఉంచండి. కేబుల్ ఆపరేటరు ఇచ్చిన ఫైబర్ పెట్టె జోలికి మాత్రం వెళ్లవద్దు. అది వారి సొత్తు, వారి వైపు నమోదైన గుర్తింపు అందులో ఉంటుంది.

ఎక్కించిన తరువాత ఫోన్‌లో వైఫై పేరు కనిపించకపోతే రౌటర్ పాడైందని కంగారు పడకండి. చాలా పరికరాలలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదట వైఫైని ఆపి ఉంచుతుంది. లాన్ తీగ కలిపి బ్రౌజరులో 192.168.1.1 తెరిచి, ముందుగా రూట్‌కు (ముఖ్య యూజర్) పాస్‌వర్డు పెట్టండి, వైఫైలో దేశాన్ని భారతదేశంగా ఎంచుకోండి, ఆ తరువాత మీ కనెక్షన్ పీపీపీఓఈ (లాగిన్ అయితేనే నెట్ వచ్చే రకం) అయితే ఆపరేటరు ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డు వాన్ (బయటి ఇంటర్నెట్) భాగంలో నింపండి. రెండు చిప్‌ల ఫోటోలు, సీరియల్‌లో వచ్చే మొదటి ఇరవై వరుసలు ఇక్కడ పెడితే, మీ బోర్డుకు ఏ ఫైలు సరిపోతుందో చూసి చెబుతాను.