ఆ పిల్ల మొదట చెప్పింది మీకే

మేము మారతహళ్లిలో ఉంటాం. అమ్మాయికి పదిహేనేళ్లు. ఆన్‌లైన్ ఆటలో పరిచయమైన తన ఈడు పిల్లలతో రాత్రిళ్లు మాట్లాడుతుంటే అనుమానం వచ్చి ఫోను చూశాను. మా తమ్ముడు రెండేళ్లుగా తనను ఎక్కడెక్కడో తాకుతున్నాడని వాళ్లకు రాసింది. వాడు మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాడు. నాన్న పోయాక నా పెళ్లి చేసింది వాడే. ఏడో తరగతిలో 'మామయ్య ఉంటే ఆ గదిలో చదువుకోను' అని మారాం చేస్తే, చదువు ఎగ్గొట్టడానికని తిట్టాను. ఇప్పుడు ఇంటి గుట్టు ముక్కూ మొహం తెలియని పిల్లల పాలైంది. ఆ రాతలు తీసేయించడం, ఫోను మాన్పించడం ఎలా?
– ఒక తల్లి, బెంగళూరు

అమ్మా, ఫోను సంగతి వదిలేయండి. ఆ రాతలు ఒక్కటి కూడా తీసేయించకండి, రేపు అవే సాక్ష్యం.

మీ అమ్మాయి ముందుగా చెప్పింది ఆ పిల్లలకు కాదు. ఏడో తరగతిలో మీకే చెప్పింది. ఆ వయసు పిల్లకు తెలిసిన మాటల్లో, 'ఆ గదిలో చదువుకోను' అని చెప్పింది. తిట్లు తిన్నాక, తిట్టనివాళ్లను వెతుక్కుంది. అందుకు ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మరొకటి. తమ్ముడు చేసిన మేలు రాశారు, అతని మీద కోపంగా ఒక్క మాట రాయలేదు. నాన్న లేని ఇంట్లో తమ్ముడంటే ఏమిటో నాకు తెలుసు. పెళ్లిపీటల మీదికి మేనకోడలిని బుట్టలో మోసుకురావలసిన మనిషి అతను. అందుకే మీకు నమ్మబుద్ధి కావడం లేదు. కానీ అతనికి మీరు పడిన రుణం మీది. దాన్ని మీ బిడ్డ ఒంటితో తీర్చనివ్వకండి.

ఆమె పక్కన కూర్చుని, 'నమ్ముతున్నాను, అప్పుడు వినకపోవడం నా తప్పు' అని చెప్పండి. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకండి. మీ వారికి ఇవాళే చెప్పండి.

తర్వాత పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన పెద్దలు పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు. తెలిసి కూడా చెప్పని పిల్లలకు ఆ శిక్ష వర్తించదు, కాబట్టి ఆ స్నేహితుల గురించి భయం అక్కర్లేదు. మీ అమ్మాయిని స్టేషన్‌కు తిప్పుతారనీ అనుకోకండి. వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వస్తారు. పత్రికలు పేరు బయటపెట్టకూడదు. మనసుకు తగిలిన దెబ్బకు మీ ఊళ్లోనే నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, తీసుకెళ్లండి.

ఆ స్నేహితులను దూరం చేయకండి. పేరు, బడి, చిరునామా మాత్రం ఎవరికీ ఇవ్వవద్దని చెప్పండి. పిల్లల ముసుగులో పెద్దలూ ఉంటారు. అయినా పదిహేనేళ్ల పిల్లలు ఇంత బరువు ఎన్నాళ్లు మోస్తారు? అది ఇక మీరు అందుకోవాలి.

సాయంత్రం మీ అమ్మాయి బడి నుంచి వచ్చేసరికి మీ తమ్ముడు ఆ ఇంట్లో ఉండకూడదు.