పబ్లిక్ హియరింగ్‌కి 22 రోజుల గడువే ఇచ్చారు, చెల్లుతుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మిర్చి, పత్తి వేసుకుని బతుకుతున్నాం. మా పొలాల పక్కనే సున్నపురాయి గని, సిమెంట్ ఫ్యాక్టరీ పెడతారట. పబ్లిక్ హియరింగ్ ఉందని పేపర్లో ప్రకటన పడింది. ఆ రోజు నుంచి లెక్కేస్తే 22 రోజులే ఉంది. ఇదేమిటని అడిగితే, "కొత్త రూల్ ప్రకారం 20 రోజులు చాలు" అన్నాడు కంపెనీ తరఫు మనిషి. పంచాయతీలో పెట్టిన పర్యావరణ ప్రభావ రిపోర్టు మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. ఎలాగూ పర్మిషన్ వచ్చేస్తుందని కొందరు, అసలు హియరింగే జరగనివ్వకూడదని కుర్రాళ్లు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 20 రోజుల రూల్ అమల్లో లేదండి. ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులు త్వరగా తేలాలంటూ కేంద్రం 2020లో ఒక ముసాయిదా తెచ్చింది. జనానికున్న 30 రోజుల గడువును 20కి తగ్గించాలన్న మాట అందులోదే. దాని మీద దేశమంతా గొడవైంది. ఆ ముసాయిదాను తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లోకి అనువదించి జనం ముందు పెట్టమని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఆదేశించింది కూడా. చివరికది ముసాయిదాగానే ఉండిపోయింది. ఇప్పటికీ నడుస్తున్నది 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషనే. అందులో కనీస గడువు 30 రోజులు.

పనులు త్వరగా తేలడం తప్పని నేననను. 2006 నోటిఫికేషన్లోనూ అడుగడుగునా గడువులున్నాయి. కంపెనీ అడిగిన 45 రోజుల్లో హియరింగ్ ముగించాలి. తుది నివేదిక అందాక నిపుణుల కమిటీకి 60 రోజులు, ఆపైన నిర్ణయానికి 45 రోజులు. ఇన్ని గడువుల్లో ఊరివాళ్ల కోసం పెట్టినవి ఆ 30 రోజులే. వాటిలోనూ ఎనిమిది కోసేస్తే ఊరుకోనక్కర్లేదు.

కాబట్టి ఈ వారంలోనే జిల్లా కలెక్టర్‌కి, కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీ) ఒక అర్జీ పెట్టండి. ప్రకటన తేదీ, హియరింగ్ తేదీ రాసి, గడువు చాలలేదు కాబట్టి మళ్లీ ప్రకటన ఇచ్చి తేదీ మార్చమని అడగండి. చేతికిస్తే కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. లేదంటే స్పీడ్ పోస్ట్ చేసి రశీదు దాచుకోండి.

ఇక రిపోర్టు సంగతి. పూర్తి నివేదికను తెలుగులో ఇవ్వాలని నోటిఫికేషన్ చెప్పదు. దాని సారాంశం మాత్రం తెలుగులో ఉండి తీరాలి. పంచాయతీలో లేకపోతే కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడండి. అక్కడా లేకపోతే ఆ మాట కూడా అర్జీలో చేర్చండి. (పేపర్లు అందని ఊళ్లలో దండోరా వేయించి అయినా హియరింగ్ సంగతి చెప్పాలని ఇదే నోటిఫికేషన్లో ఉంది. జనానికి తెలియాలన్నది అంత స్పష్టంగా రాసిన చట్టం ఇది.) ఇంగ్లిష్ నివేదికను ఊళ్లో చదువుకున్న పిల్లల చేత చదివించండి. మీ చెరువు, వాగు అందులో ఉన్నాయా? బోర్ల లెక్క సరిగ్గా ఉందా? బ్లాస్టింగ్‌కి, మీ ఇళ్లకి మధ్య ఎంత దూరం చూపించారు? కావాలని నిజాలు దాచినా, తప్పుడు సమాచారం ఇచ్చినా అనుమతి రద్దు చేయొచ్చు. గోవాలో మోపా విమానాశ్రయం కేసులో కంపెనీ కాదు, ప్రభుత్వమే దరఖాస్తుదారు. అయినా దరఖాస్తులో విషయాలు దాచారని, కమిటీ సరిగ్గా పరిశీలించలేదని 2019లో సుప్రీంకోర్టు ఆ అనుమతిని కొన్నాళ్లు నిలిపేసింది.

కుర్రాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పండి. హియరింగ్ ఓటింగ్ కాదు. ఇంతమంది రావాలన్న కోరం లేదు, మీరు మానేస్తే వచ్చిన పదిమందితోనే ముగిస్తారు. టెంట్లు పీకి అడ్డుకుంటే మీ మీద కేసులు పడటం ఒక ఎత్తు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీల్లేదని పీసీబీ నివేదిక ఇస్తే, ఈ ప్రాజెక్టుకి హియరింగే అక్కర్లేదని అనుమతిచ్చే సంస్థ తేల్చేయగలదు. కంపెనీ నెత్తిన పాలు పోసినట్టే!

తేదీ మార్చకపోయినా వెళ్లండి. మైకు అందగానే ముందు 30 రోజుల గడువు ఇవ్వలేదన్న అభ్యంతరం చెప్పండి. వెళ్లి మాట్లాడినంత మాత్రాన ఆ అభ్యంతరం వదులుకున్నట్టు కాకూడదంటే ఇది ముఖ్యం. మిగతావి క్లుప్తంగా చెప్పి, కాగితం మీద రాసినదే అందజేయండి. ఎవరికి వారు తమ పొలం, తమ బోరు గురించి సొంత మాటల్లో రాస్తే మంచిది. ఒకే జిరాక్స్ మీద నూరు సంతకాలు పెడితే అది ఒకే అభ్యంతరంగా మిగులుతుంది. అంతా వీడియో తీయాలి, చివర్లో మినిట్స్ (ఎవరేమన్నారో రాసుకున్న నమోదు) తెలుగులో చదివి వినిపించాలి. చదవకుండా లేచిపోతుంటే ఆపి అడగండి.

"ఎలాగూ పర్మిషన్ వచ్చేస్తుంది" అంటున్నారు కదా, అయినా వెళ్తే లాభం ఇదీ. జనం చెప్పిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ ఎందుకు ఒప్పుకుందో, ఎందుకు కాదందో కారణాలు రాయాలని 2009లో గోవా గనుల వ్యవహారమైన ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మినిట్స్‌లో లేని అభ్యంతరానికి కమిటీ జవాబేం రాస్తుంది? మన శ్రీకాకుళం జిల్లా సోంపేటనే చూడండి. థర్మల్ ప్లాంటుకిచ్చిన అనుమతిని 2010 జులై 14న అప్పీలు సంస్థ రద్దు చేసింది. బీల భూముల (చిత్తడి నేలల) గురించి ఊరివాళ్లు మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. దారుణమేమిటంటే, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయిందీ ఆ రోజే.

ఒకవేళ అనుమతి వచ్చేస్తే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఒప్పుకుంటారు, ఆ తర్వాత ఒక్క రోజు కూడా కుదరదు. "మాకు ఆలస్యంగా తెలిసింది" అనే వాదన మీద ఆశ పెట్టుకోకుండా అనుమతుల వివరాలు పెట్టే కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌ని వారానికోసారి చూస్తుండండి. నష్టపరిహారం అడగని అప్పీలుకి ఫీజు వెయ్యి రూపాయలే.

అన్నట్టు, ప్రకటన పడిన పేపరు ఉందా? ఆ ముక్క ఒక్కటే కత్తిరించొద్దు. తేదీ కనిపించేలా పేజీ మొత్తం దాచండి.